జాక్స్‌బరో ఫోర్ట్ రిచర్డ్‌సన్‌లో పిల్లలతో రెండు రాత్రులు క్యాంపింగ్: వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి

ఫ్రిస్కో_రమణ
అందరికీ నమస్కారం. నవంబర్ రెండో వారాంతానికి టెక్సస్‌లో జాక్స్‌బరో దగ్గరున్న ఫోర్ట్ రిచర్డ్‌సన్ స్టేట్ పార్కులో శుక్ర, శని రెండు రాత్రులకి టెంట్ వేసుకునే సైట్ బుక్ చేశాను. మాకు ఇదే మొదటి క్యాంపింగ్. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ళ బాబు, ఆరేళ్ళ పాప, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ. అమ్మకి అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి గానీ నడుస్తుంది. ఊళ్ళో డాబా మీద పడుకున్నట్టే కదరా అంటోంది. నాకే టెన్షన్‌గా ఉంది. చలి ఎంత ఉంటుంది, వంట సంగతి ఏమిటి, కోటలో చూడటానికి ఏముంది, కాస్త వివరంగా చెప్పండి. బాబు కోట అనగానే గోల్కొండ ఊహించుకుంటున్నాడు.

డెంటన్_స్వాతి
రమణ గారూ, మంచి పని చేస్తున్నారు. మేం రెండుసార్లు వెళ్ళాం. మీకు దారి చాలా తేలిక, 380 హైవే ఎక్కితే డెంటన్, డెకేటర్, బ్రిడ్జ్‌పోర్ట్ మీదుగా అదే రోడ్డు జాక్స్‌బరో దాకా తీసుకెళ్తుంది. పార్కు ఊరికి దక్షిణాన 281 మీద ఉంటుంది. శుక్రవారం సాయంత్రం ట్రాఫిక్‌లో పడితే చీకటి పడ్డాక చేరతారు, మొదటిసారి టెంట్ చీకట్లో వెయ్యడం అంత కష్టం ఇంకోటి లేదు, కాబట్టి వీలైతే మధ్యాహ్నమే బయల్దేరండి. చెక్-ఇన్ రెండింటికి.

ఇక చలి. పగలు చొక్కాతో తిరుగుతారు, రాత్రి 40 ఫారెన్‌హీట్‌కి, అంటే సెల్సియస్‌లో నాలుగైదు డిగ్రీలకి, దిగిపోవచ్చు. చలికన్నా నేను భయపడేది గాలికి. మేం మొదటిసారి వెళ్ళినప్పుడు సాయంత్రం ఆకు కదల్లేదు. టెంట్‌తో వచ్చిన సన్న మేకులు నాలుగంగుళాలు దిగేసరికి కింద రాయి తగిలింది, సరేలే అని అలాగే వదిలేశాం. రాత్రి రెండింటికి ఉత్తరం గాలి మొదలైంది. టెంట్ కర్ర వంగి గుడ్డ వచ్చి మా పాప మొహానికి అతుక్కుపోయింది. అది నిద్రలో చేతుల్తో తోసుకుంటూ అమ్మా అమ్మా అని ఏడుపు. పక్కన ఒక మేకు ఊడి తాడుతో సహా గాల్లో కొట్టుకుంటోంది. పిల్లల్ని దుప్పట్లతో ఎత్తుకెళ్ళి కారులో పడుకోబెట్టి, తెల్లారేదాకా నేనూ మా ఆయనా టెంట్‌కి చెరోవైపు పట్టుకుని కూర్చున్నాం. మీరు లావు ఇనప మేకులు, ఒక సుత్తి తప్పకుండా తీసుకెళ్ళండి. ప్రతి తాడూ లాగి కట్టండి, గాలి లేకపోయినా సరే.

అమ్మగారికి మాత్రం కింద పరుపు వద్దు. మడత మంచం కొనండి, మోకాళ్ళకి లేవడం సులువు. మంచం మీద కూడా కింద నుంచి చలి కొడుతుంది, ముందు ఒక బొంత పరిచి దాని మీద పడుకోమనండి.

ఫోర్ట్‌వర్త్_సైకిల్
ఫోర్ట్‌వర్త్ వైపు నుంచైతే 199. మా ఊళ్ళో దాన్ని జాక్స్‌బరో హైవే అనే పిలుస్తారు.

సైకిళ్ళు ఉంటే పట్టుకెళ్ళండి రమణ గారూ. పార్కు నుంచే లాస్ట్ క్రీక్ రిజర్వాయర్ స్టేట్ ట్రెయిల్‌వే మొదలవుతుంది, వాగు పక్కనే వెళ్ళి జాక్స్‌బరో చెరువు దాటి లాస్ట్ క్రీక్ రిజర్వాయర్ దాకా దాదాపు 10 మైళ్ళు. 1998లో తెరిచారు. పెద్ద ఎత్తుపల్లాలు లేవు, పిల్లలు కూడా తొక్కగలరు. నడిచేవాళ్ళు, సైకిళ్ళు, గుర్రాలు అందరిదీ అదే దారి. గుర్రం ఎదురైతే సైకిల్ దిగి పక్కకి జరిగి, రౌతుకి వినపడేలా ఒక హలో చెప్పండి. మనిషి గొంతు వింటే గుర్రం బెదరదు, చప్పుడు లేకుండా వెనక నుంచి వచ్చే సైకిల్‌కే బెదురుతుంది. ఇంకో మాట, దారి దిగి పొదల్లోకి తొక్కితే మెస్కీట్ ముళ్ళు. ఇది మన తుమ్మకి దగ్గర చుట్టంలాంటి చెట్టు, ముల్లు టైరులో దిగితే ట్యూబు అక్కడే పోతుంది. స్పేర్ ట్యూబు, పంపు లేకుండా నేను ఎప్పుడూ వెళ్ళను.

చరిత్ర_పిచ్చి
బాబు గోల్కొండ ఊహించుకుంటున్నాడంటే వెళ్ళే ముందే ఒక సంగతి చెప్పండి రమణ గారూ, లేకపోతే పాపం నిరాశపడతాడు. ఈ కోటకి గోడ ఉండదు. బురుజులు, కందకం, సింహద్వారం ఏవీ ఉండవు. మధ్యలో కవాతు మైదానం, చుట్టూ విడివిడిగా కట్టడాలు, అంతే. టెక్సస్ సరిహద్దు కోటలు ఎక్కువ భాగం ఇలాంటివే. ఎందుకంటే కయోవా, కొమాంచీ అనే ఆదివాసీ తెగలవాళ్ళు కోటలమీదికి వచ్చి ముట్టడి వేసేవాళ్ళు కాదు. గుర్రాల మీద మెరుపులా వచ్చి పొలాల మీదా బండ్ల మీదా పడి వెళ్ళిపోయేవాళ్ళు. గోడ కట్టుకుని లోపల కూర్చున్న సైన్యం వాళ్ళని ఏమీ చెయ్యలేదు. అందుకే కోట అంటే ఇక్కడ గస్తీ దళాలు బయల్దేరే స్థావరం.

1867లో కట్టడం మొదలుపెట్టారు, 1878లో వదిలేశారు. దాదాపు పదకొండేళ్ళు. అమెరికా అంతర్యుద్ధంలో చనిపోయిన ఇజ్రాయెల్ రిచర్డ్‌సన్ అనే జనరల్ పేరు పెట్టారు. అసలు కట్టడాల్లో ఏడు బాగుచేసి ఉంచారు: ఆసుపత్రి, దాని వెనక శవాల గది, అధికారి ఇల్లు, మందుగుండు కొట్టు, సరుకుల గిడ్డంగి, కాపలా గది, రొట్టెల బట్టీ. అధికారుల బ్యారక్ మాత్రం నమూనాగా మళ్ళీ కట్టినది, మ్యూజియం అందులో ఉంది, ముందు అక్కడికి వెళ్ళండి. తరవాత ఆసుపత్రి. రాతి కట్టడం, చుట్టూ వరండాలు, మన పాత బంగళాల్లా ఉంటుంది. అధికారి ఇల్లు కాటన్‌వుడ్ చెక్కతో కట్టింది, వాగుల పక్కన పెరిగే చెట్టు అది, చెక్క మెత్తన, అలాంటిది ఇన్నేళ్ళు నిలబడటం నాకైతే ఆశ్చర్యమే.

వంట మీద ఆసక్తి ఉంటే బట్టీ దగ్గర కాసేపు ఆగండి. సైనికుడి రోజు తిండిలో రొట్టె పెద్ద భాగం. ఊరికి అంత దూరంలో పిండి, నీళ్ళు, కట్టెలు అన్నీ చూసుకుని రోజూ వందలమందికి కాల్చి పెట్టాలి. ఆ శ్రమ గురించి ఎవరూ రాయరు.

కడప_కుర్రోడు
నేను ప్రొద్దుటూరు నుంచి చదువుతున్నా అన్నా. ఇక్కడ గండికోటలో మేం నెలకోసారి టెంట్ వేస్తాం. పెన్నా లోయ అంచున తెల్లారి సూర్యుడు లేవడం చూస్తే ఆ చలి, దోమలు అన్నీ మర్చిపోతాం. కానీ శనివారం వస్తే మైకులు, పాటలు, పొద్దున లేచి చూస్తే బిర్యానీ ప్యాకెట్లు, సీసాలు. కోటలో మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యాగారం ఉన్నాయి, వాటి గోడల మీద కూడా పేర్లు చెక్కుతున్నారు. నాకు ఏడుపొస్తుంది చూస్తే. అక్కడ అంతమంది వచ్చినా శుభ్రంగా ఎలా ఉంచుతున్నారు? కాపలా ఉంటారా, లేక జనం తీరే అంతా?

డెంటన్_స్వాతి
తమ్ముడూ, నీ ప్రశ్న చాలా మంచిది. ఇక్కడి జనం అందరూ బుద్ధిమంతులని కాదు. ఏర్పాటు అలా ఉంటుంది. ప్రతి సైట్‌కి నంబరు, ఎవరి పేరు మీద ఉందో రికార్డు. ఒక సైట్‌లో ఎనిమిదిమందికి మించకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా చప్పుడు చెయ్యకూడదు. పార్కులోనే వలంటీర్ దంపతులు ఒక ఆర్‌వీలో (లోపలే కాపురం ఉండే పెద్ద బండి) నెలల తరబడి ఉంటారు, హోస్ట్ అంటారు, పొద్దునా సాయంత్రం ఒక చుట్టు వేస్తారు. నిప్పు పెట్టే చోటు, చెత్త వేసే చోటు, టాయిలెట్ ఇవన్నీ ముందే ఉంటాయి. గండికోటలో రాత్రికి ఇన్ని టెంట్లే అని లెక్క పెట్టి, టాయిలెట్లు కట్టి, అక్కడి ఊరి పిల్లలకే ఈ చూసుకునే ఉద్యోగం ఇస్తే ఎంత బాగుంటుందో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

మనవాళ్ళకి కూడా ఒక మాట. పోయిన ఏడాది మా పక్క సైట్లలో మన తెలుగు బృందం ఒకటి దిగింది, నాలుగు కుటుంబాలు, పిల్లలూ పెద్దలూ కలిసి చాలామంది. పదకొండు దాటాక కూడా బ్లూటూత్ స్పీకర్‌లో పాటలు ఆగలేదు. నేనే వెళ్ళి తెలుగులో చెప్పాను, వెంటనే ఆపేశారు, పొద్దున వచ్చి సారీ చెప్పి పులిహోర కూడా ఇచ్చారు. మంచివాళ్ళే, తెలియక చేశారు. అందుకే ఇక్కడ చెప్తున్నా.

ప్లానో_వేణు
వంట గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. మొదటి రాత్రి వంట పెట్టుకోవద్దు. ఇంటి నుంచి పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. శనివారం పొద్దున ఉప్మా, సాయంత్రం నిప్పు మీద మొక్కజొన్న కంకులు, చిలగడదుంపలు. దుంపలు రేకులో చుట్టి బొగ్గుల్లో పెడితే ఇక చూసుకోనక్కర్లేదు. రెండు పొయ్యిల ప్రొపేన్ స్టవ్ ఒకటి ఉంటే చాలు. వెళ్ళే ముందు రోజు పార్కుకి ఫోన్ చేసి నిప్పు మీద నిషేధం ఉందేమో అడగండి. ఎండు కాలాల్లో కౌంటీ (మన జిల్లాలాంటిది) బర్న్ బ్యాన్ పెడుతుంది, అప్పుడు కట్టెల మంట కుదరదు. పార్కులో పడిన కొమ్మలు ఏరకూడదు, కట్టెలు కొనుక్కోవాల్సిందే, మీ ఇంటి వెనక నరికినవి అంత దూరం మోసుకెళ్ళకండి, చెట్లని తినే పురుగులు వాటితో కొత్త చోటికి పాకుతాయి.

రకూన్లతో (పిల్లికన్నా కాస్త పెద్ద అడవి జంతువు, ముందు కాళ్ళు చేతుల్లా వాడుతుంది) జాగ్రత్త. మా ఐస్ చెస్ట్‌కి గొళ్ళెం ఉందిలే అని బల్ల కింద వదిలేశాం. అర్ధరాత్రి చప్పుడైతే టార్చ్ వేసి చూశా. రకూన్ ఒకటి రెండు చేతుల్తో గొళ్ళెం పైకి ఎత్తి, మూత తెరిచి, పెరుగు డబ్బా బయటికి తీసి, మూత కొరికి, అచ్చం చిన్నపిల్లాడిలా చేతులు ముంచి నాకుతోంది. లైటు పడినా కదల్లేదు. తిండి అంతా రాత్రి కారులో పెట్టండి.

ఇంకోటి, చరిత్ర_పిచ్చి గారికి గౌరవంతోనే చెప్తున్నా, తొమ్మిదేళ్ళ పిల్లాడికి కోటలో జరిగిన చంపుకోవడాలు చెప్పాల్సిన పని లేదనుకుంటాను. వారమంతా పని చేసి రెండు రోజులు హాయిగా గడపడానికి వెళ్తాం. చెట్లు, చేపలు, నక్షత్రాలు చాలు.

చరిత్ర_పిచ్చి
వేణు గారూ, మీ మాట అర్థమైంది, పిల్లాడికి ఎంత చెప్పాలన్నది తల్లిదండ్రులే తేల్చుకోవాలి. కానీ పెద్దవాళ్ళం మనం తెలుసుకోకుండా ఆ మైదానంలో కుర్చీలు వేసుకుని కూర్చోవడం నాకు సరిగా అనిపించదు. ఒక్క సంఘటన చెప్తాను.

1871 మే నెల. జనరల్ షెర్మన్, మొత్తం అమెరికా సైన్యానికి అధిపతి, సరిహద్దు ఎలా ఉందో చూడటానికి కొద్దిమంది రక్షణతో ఫోర్ట్ రిచర్డ్‌సన్‌కి వస్తున్నాడు. సాల్ట్ క్రీక్ మైదానంలో కయోవా యోధులు గుట్ట మీద దాక్కుని ఆ బృందాన్ని చూశారు. వాళ్ళ మంత్రద్రష్ట మామంతి, మొదట వచ్చేవాళ్ళని వదిలెయ్యండి, రెండోవాళ్ళ మీద పడండి అని చెప్పాడట. వదిలేశారు. ఆ తరవాత, మే 18న, అదే దారిలో సైన్యానికి మొక్కజొన్న మోసుకెళ్తున్న బండ్ల వరస వచ్చింది. పన్నెండుమంది బండివాళ్ళలో ఏడుగురు చనిపోయారు. గాయపడి తప్పించుకున్న ఒకతను నడుస్తూ కోటకి చేరి చెప్తే, అప్పటికి అక్కడే ఉన్న షెర్మన్ విన్నాడు. కొద్దిలో తాను బతికిపోయాడని అప్పుడు అతనికి అర్థమైంది.

తరవాత ఇప్పటి ఓక్లహోమాలో ఉన్న ఫోర్ట్ సిల్ అనే సైనిక స్థావరంలో సటాంటా, సటాంక్, బిగ్ ట్రీ అనే ముగ్గురు కయోవా నాయకుల్ని పట్టుకున్నారు. సటాంక్ ముసలివాడు. జాక్స్‌బరోకి బయల్దేరదీసినప్పుడు దారిలోనే మరణగీతం పాడి, సంకెళ్ళ నుంచి చేతులు లాక్కుని కాపలావాడి మీద తిరగబడ్డాడు, కాల్చేశారు. మిగతా ఇద్దర్నీ ఈ కోటకి తెచ్చి, జూలైలో ఊళ్ళోని కోర్టులో విచారించారు. ఆదివాసీ నాయకుల్ని ఒక రాష్ట్ర కోర్టులో విచారించడం అదే మొదటిసారి అంటారు. ఉరిశిక్ష వేశారు, టెక్సస్ గవర్నర్ డేవిస్ దాన్ని యావజ్జీవంగా మార్చాడు. 1873లో వదిలారు, సటాంటాని మళ్ళీ పట్టుకున్నారు. 1878లో అతను హంట్స్‌విల్ జైలు ఆసుపత్రి కిటికీ లోంచి దూకి చనిపోయాడు. ఈ కోటని ఖాళీ చేసిన సంవత్సరమూ అదే. బిగ్ ట్రీ 1929 దాకా బతికాడు.

వాళ్ళు ఎందుకు దాడి చేశారన్నది కూడా చూడాలి. 1867 మెడిసిన్ లాడ్జ్ ఒప్పందంతో వాళ్ళని రిజర్వేషన్‌కి, అంటే ప్రభుత్వం హద్దులు గీసిచ్చిన భూమికి, పరిమితం చేశారు, ఇస్తామన్న తిండి సరిగా అందలేదు, వాళ్ళ బతుకంతా ఆధారపడిన బైసన్ మందల్ని ఆ తరవాతి కొన్నేళ్ళలో తోళ్ళ కోసం వేటగాళ్ళు తుడిచిపెట్టేశారు. చనిపోయిన బండివాళ్ళు కూడా కూలి కోసం వచ్చిన మామూలు మనుషులే. కయోవాలు ఈ రోజుకీ ఉన్నారు, వాళ్ళ తెగ కార్యాలయం ఓక్లహోమాలో కార్నెగీ అనే ఊళ్ళో ఉంది. పార్కుకి వెళ్ళినప్పుడు వాళ్ళు ఎప్పుడో పోయినవాళ్ళన్నట్టు పిల్లలతో మాట్లాడకండి, అదొక్కటే నేను అడిగేది.

ప్లానో_వేణు
ఇది నాకు తెలియదండీ. నాలుగుసార్లు వెళ్ళాను, ఆసుపత్రి వరండాలో కూర్చుని టీ తాగాను. ఈసారి మ్యూజియంలో పూర్తిగా చదువుతాను.

ఇర్వింగ్_లక్ష్మి
రమణ గారూ, అమ్మగారు వస్తున్నారంటే ఒకటి చెప్పాలి. మా అత్తగారిది ఒంగోలు దగ్గర పల్లె. 281 మీద వెళ్తుంటే ఒక రాంచ్‌లో మూపురం ఉన్న ఆవులు కనిపించాయి. కారు ఆపమని ఒకటే గోల. కంచె దగ్గర నిలబడి, ఇవి మనవే, గంగడోలు చూడు, మూపురం చూడు అని చెయ్యి ఊపుతూ పిలిచారు. నేను సరదాకి అంటున్నారనుకున్నా. ఇంటికొచ్చి చదివితే నిజమే, అమెరికన్ బ్రాహ్మన్ జాతిని గిర్, గుజరాత్ జాతులతో పాటు మన ఒంగోలు పశువుల నుంచీ తయారుచేశారు, బయట దేశాల్లో ఒంగోలు జాతిని నెల్లూరు జాతి అంటారు. ఆవిడ ఇప్పటికీ ఊరికి ఫోన్ చేసినప్పుడల్లా ఆ సంగతే చెప్తారు. అమ్మగారిని కిటికీ పక్కన కూర్చోబెట్టండి.

క్వారీ లేక్ అని చిన్న చెరువుంది, గట్టు మీద నుంచి చేపలు పట్టొచ్చు, టెక్సస్ స్టేట్ పార్కుల్లో గట్టు మీద నుంచి పట్టడానికి లైసెన్స్ అక్కర్లేదు. ఆఫీసులో జూనియర్ రేంజర్ పుస్తకం, ఎక్స్‌ప్లోరర్ ప్యాక్ ఉన్నాయేమో అడగండి, భూతద్దం, బైనాక్యులర్ ఉన్న సంచీ ఇస్తారు, వెళ్ళేప్పుడు తిరిగిచ్చెయ్యాలి. గడ్డిలో చెప్పులు లేకుండా తిరగనివ్వకండి, ఎర్ర చీమల పుట్టలు ఉంటాయి. సాయంత్రం స్నానానికి ముందు మోకాళ్ళ వెనకా నడుం దగ్గరా గోమార్లు పట్టాయేమో చూడండి.

నక్షత్రాల_రాజు
మీకు ఇది నచ్చితే తరవాత ఫోర్ట్ గ్రిఫిన్‌కి వెళ్ళండి, ఆల్బనీ ఊరికి ఉత్తరాన, ఇంకా పడమటికి. అదీ 1867లోనే పెట్టినది, 1881లో మూసేశారు. అక్కడ శిథిలాలే ఎక్కువ, చిమ్నీలు మాత్రమే నిలబడి ఉన్నవి కొన్ని. టెక్సస్ రాష్ట్ర అధికారిక లాంగ్‌హార్న్ మంద అక్కడే ఉంటుంది. ఆకాశం చాలా చీకటిగా ఉంటుంది, పాలపుంత కంటికే కనిపిస్తుంది, అమావాస్య చూసుకుని వెళ్ళండి. 2008 నుంచి అది టెక్సస్ హిస్టారికల్ కమిషన్ చేతిలో ఉంది, స్టేట్ పార్కుల బుకింగ్‌లో వెతికితే దొరకదు.

ఫ్రిస్కో_రమణ
వెళ్ళొచ్చాం! ఇప్పుడే సామాను దింపి రాస్తున్నా, ఆలస్యమైతే సగం మర్చిపోతానని.

స్వాతి గారూ, ఇనప మేకులు మమ్మల్ని కాపాడాయి. శనివారం తెల్లవారుజామున గాలి వచ్చింది, టెంట్ గుడ్డ టపటపా కొట్టుకుంది గానీ ఒక్క మేకు కదల్లేదు. అమ్మ మడత మంచం మీద హాయిగా పడుకుంది, మా ఆవిడకే చలేసింది, రెండో రాత్రి మఫ్లర్ చుట్టుకుని పడుకుంది. వేణు గారూ, తిండి కారులో పెట్టాం, రకూన్ వచ్చి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళిపోయిందని పొద్దున మట్టిలో అడుగులు చూసి తెలుసుకున్నాం. చిన్న చిన్న వేళ్ళతో సహా పడ్డాయి. పాప తన అరచెయ్యి పక్కన పెట్టి కొలిచింది.

కోటకి గోడ లేదని బాబుకి కారులోనే చెప్పాను. అయినా దిగగానే అన్ని వైపులా చూసి, మరి రాత్రి సైనికులకి భయం వెయ్యదా నాన్నా అన్నాడు. నాకు జవాబు రాలేదు. ఆసుపత్రిలో పక్కపక్కనే మంచాలు, పక్కనున్న శవాల గది చూసి, వీళ్ళంతా యుద్ధంలో చచ్చిపోయారా అని అడిగాడు. ఆ రోజుల్లో సైనికులు తుపాకీ దెబ్బలకంటే జబ్బులతోనే ఎక్కువ పోయారని చెప్పాను. సటాంటా గురించి కొంచెమే చెప్పాను, వాళ్ళ తిండి పోయింది, కోపం వచ్చింది, రెండు వైపులా మనుషులు చనిపోయారు అని. రాత్రి నిప్పు దగ్గర కూర్చున్నప్పుడు వాడంతట వాడే, ఆ బిగ్ ట్రీ ఇంటికి వెళ్ళాడా అని అడిగాడు. వెళ్ళాడు, ముసలివాడయ్యేదాకా బతికాడు అన్నాను. సరే అని దుంప తిన్నాడు.

మందుగుండు కొట్టు రాళ్ళ మీద అమ్మ చాలాసేపు చెయ్యి వేసి నిలబడింది. మా తాత మేస్త్రీ. ఆవిడ రాయి అంచు వేలితో తడిమి, ఇది ఉలితో మలిచిన రాయి, చేతి పని, అంది. సున్నం ఎక్కడ కొత్తగా పెట్టారో కూడా చూపించింది, రంగు తేడా ఉంది, నాకు అప్పటిదాకా కనపడలేదు.

మూపురం ఆవులు కనిపించలేదు లక్ష్మి గారూ, అమ్మ రెండు వైపులా కిటికీలోంచి చూస్తూనే ఉంది. సైకిళ్ళు ఈసారి తీసుకెళ్ళలేదు, ట్రెయిల్‌వే మీద ఒక రెండు మైళ్ళు నడిచాం. చేపలు పడలేదు.

అమ్మ జనవరిలో వెళ్ళిపోతుంది. ఈలోగా ఫోర్ట్ గ్రిఫిన్‌కి తీసుకెళ్ళమంటోంది. రాజు గారూ, డిసెంబర్ అమావాస్యకి అక్కడ కరెంటు ఉన్న సైట్ దొరుకుతుందా? అమ్మకి చిన్న హీటర్ పెట్టాలి.

నక్షత్రాల_రాజు
కరెంటు ఉన్నవి ఉన్నాయండీ. రేపు పొద్దున ఫోన్ చేసి ఏ సైట్‌కి గాలి తక్కువో కూడా అడగండి. హీటర్ టెంట్ లోపల మాత్రం వద్దు, గుడ్డ అంటుకుంటుంది. బదులుగా వేణ్ణీళ్ళ సీసాని తువ్వాలులో చుట్టి కాళ్ళ దగ్గర పెట్టండి, తెల్లారేదాకా వెచ్చగా ఉంటుంది. మేమూ ఆ వారం వెళ్తున్నాం, టెలిస్కోప్ తెస్తాను, అమ్మగారికి శనిగ్రహం వలయాలు చూపిద్దాం.